మంట ఆరిన తరువాత

ఏటా ఏప్రిల్ 14న మన దేశమంతటా అగ్నిమాపక అమరులకు నివాళులర్పిస్తారు. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిపోయి, 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మరి అటువంటి ప్రమాదాల నుండి బతికి బయటపడి, మరునాడు మళ్లీ విధులకు హాజరయ్యేవారి మనస్సు మాటేమిటి? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం సమాధానం వెదకిన తీరు తెలుసుకోదగినది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల మనోవ్యథను ‘షెల్ షాక్’ అన్నారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఇటువంటి బాధను ‘పీటీఎస్‌డీ’ అనే వ్యాధిగా గుర్తించింది. 1983 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో చెలరేగిన కార్చిచ్చు 75 మందిని బలిగొన్నది. ఆ మంటలతో పోరాడిన 469 మంది స్వచ్ఛంద అగ్నిమాపకులను మనోవైద్యుడు మెక్‌ఫార్లేన్ 4, 11, 29 నెలల తరువాత పరిశీలించారు. కొందరిలో వ్యాధి లక్షణాలు ఎంతో ఆలస్యంగా బయటపడ్డాయి.

అదే సంవత్సరం అమెరికాలో, పూర్వం అగ్నిమాపకుడిగా పనిచేసిన జెఫ్రీ మిచెల్ ‘డీబ్రీఫింగ్’ అనే పద్ధతిని ప్రకటించారు. ఘటన జరిగిన కొద్ది రోజులలోనే సిబ్బందిని ఒకచోట కూర్చోబెట్టి, చూసినదీ అనుభవించినదీ చెప్పించడం దాని సారాంశం. సదుద్దేశంతో పుట్టిన ఆ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది.

అయితే సదుద్దేశం వేరు, సత్ఫలితం వేరు. 1997లో బ్రిటన్‌లో కాలిన గాయాల రోగులపై జరిగిన అధ్యయనంలో, డీబ్రీఫింగ్ పొందినవారిలో 26 శాతం మందికి 13 నెలల తరువాత పీటీఎస్‌డీ కనిపించింది. పొందనివారిలో 9 శాతం మందికే కనిపించింది. ఒక్కసారి జరిపే డీబ్రీఫింగ్ ఈ వ్యాధిని నివారించదని 2002 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. ఇవి విడివిడిగా రోగులపై జరిగిన పరీక్షలనీ, తమది సిబ్బంది బృందాల కోసం ఏర్పడిన పద్ధతి అనీ దాని సమర్థకులు వాదించారు. ఆ వాదనలో కొంత న్యాయమున్నది. అయినా, పచ్చిపుండును బలవంతంగా కెలకరాదన్న హెచ్చరికను మాత్రం విస్మరించలేము.

పాఠకులారా, ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే: ఒక పూట సమావేశంతో బాధ్యత తీరిపోదు. ఘటన జరిగిన వెంటనే కావలసినవి విశ్రాంతి, భద్రత, తోటివారి ఆదరణ. చెప్పుకోదలచినవారి మాట వినాలి. మౌనంగా ఉండదలచినవారిని ఒత్తిడి చేయరాదు. పీడకలలు, ఉలికిపాటు, ముభావం, మద్యపానం నెల దాటినా తగ్గకపోతే మనోవైద్యుని సంప్రదించాలి. నెలలు గడిచాక కూడా కుటుంబ సభ్యులు, పై అధికారులు వారిని గమనిస్తూనే ఉండాలి. మన దేశంలో ‘టెలీ మానస్’ 14416 నంబరుకు ఎవరైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చును.

మీ ఇంట, మీ వీధిలో అగ్నిమాపక ఉద్యోగి ఉంటే ఈ సంగతి వారి ఇంటివారికి తెలియజేయండి.