గ్రంథాలయ మిత్రబృందాలు - సోషల్ నెట్‌వర్కింగ్ సైట్ల వినియోగం

గ్రంథాలయ మిత్రబృందం అనగా ఒక గ్రంథాలయానికి అండగా నిలిచేందుకు పాఠకులు, స్థానికులు స్వచ్ఛందంగా ఏర్పరచుకొనే సంఘం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, బ్రిటన్‌లోను ఇట్టి సంఘాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. విరాళాలు సేకరించడం, పాత పుస్తకాలను అమ్మి వచ్చిన సొమ్మును గ్రంథాలయానికి ఇవ్వడం, పిల్లలకు కథాపఠన కార్యక్రమాలు జరపడం, నిధుల కోత వచ్చినప్పుడు ప్రజాభిప్రాయాన్ని కూడగట్టడం వీటి ముఖ్యమైన పనులు. 2000 దశాబ్దం ద్వితీయార్ధం నుండి ఈ బృందాలు తమ పనులకు ఫేస్‌బుక్, ట్విట్టర్, ఫ్లికర్, గుడ్‌రీడ్స్ వంటి సోషల్ నెట్‌వర్కింగ్ సైట్లను ఉపయోగించడం మొదలుపెట్టాయి. ఈ వ్యాసం ఆ వినియోగపు చరిత్రను, పద్ధతులను, ప్రముఖ ఉదాహరణలను, దానిపై వచ్చిన విమర్శలను వివరిస్తుంది.

నేపథ్యం

గ్రంథాలయ మిత్రబృందాలు అంతర్జాలం కంటే చాలా పాతవి. ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి 1913లో పారిస్‌లో మిత్రసంఘం ఏర్పడింది. అమెరికాలో ప్రజా గ్రంథాలయానికి ఏర్పడిన మొదటి మిత్రబృందాలలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని గ్లెన్ ఎలిన్ పట్టణంలో 1922లో మొదలైనదాన్ని చెబుతారు. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు బోడ్లియన్ గ్రంథాలయ మిత్రబృందం 1925లో ప్రారంభమయినది. అమెరికాలోని బృందాలన్నింటికి ఉమ్మడి వేదికగా 1979లో ఒక జాతీయ సంస్థ ఏర్పడింది. అది 2009లో గ్రంథాలయ ధర్మకర్తల సంఘంతో కలిసి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లో ఒక విభాగమైనది. ఈ విభాగానికి తరువాత యునైటెడ్ ఫర్ లైబ్రరీస్ అనే పేరు వచ్చింది. 2006 నుండి ఏటా అక్టోబరులో మిత్రబృందాల వారోత్సవం జరుగుతున్నది.

ఈ సంఘాలలో జీతం తీసుకొనే ఉద్యోగులు ఉండరు, లేదా బహు తక్కువగా ఉంటారు. సభ్యులలో పదవీ విరమణ చేసినవారు ఎక్కువ. కరపత్రం, తపాలా ఉత్తరం, గ్రంథాలయం గోడమీది ప్రకటన, స్థానిక పత్రికలో చిన్న వార్త ఇవే చిరకాలం వీటి ప్రచార సాధనాలు. వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, మిగిలినవి అప్పటికే గ్రంథాలయానికి వచ్చే వారిని మాత్రమే చేరతాయి. గ్రంథాలయానికి రానివారిని, అందులోను యువకులను చేరడం ఈ బృందాలకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. కొత్త సైట్లపై ఆసక్తికి ముఖ్య కారణం ఇదే.

సోషల్ నెట్‌వర్కింగ్ సైట్ల రాక

ఫేస్‌బుక్ 2004లో కళాశాల విద్యార్థుల కోసం మొదలై, 2006లో 13 ఏళ్ళు నిండిన వారందరికీ తెరవబడింది. 2007 నవంబరులో సంస్థలు తమ పేరున పేజీలు ఏర్పరచుకొనే వీలు కల్పించింది. ఛాయాచిత్రాలు పంచుకొనే ఫ్లికర్ 2004లోను, చదివిన పుస్తకాల పట్టికలు తయారు చేసుకొనే లైబ్రరీథింగ్ 2005లోను, ట్విట్టర్ 2006లోను వచ్చాయి. గుడ్‌రీడ్స్ 2007 ఆరంభంలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

గ్రంథాలయాల పనిలో పాఠకులను ఈ సైట్ల ద్వారా భాగస్వాములను చేయవచ్చునని చూపిన తొలి పెద్ద ప్రయత్నాలలో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం చేసినది ఒకటి. ఈ గ్రంథాలయం 2008 జనవరిలో సుమారు 3,000 పాత ఛాయాచిత్రాలను ఫ్లికర్‌లో ఉంచి, వాటిని గుర్తించమని ప్రజలను కోరింది. సందర్శకులు స్థలాలను, మనుషులను, సందర్భాలను గుర్తించి వ్యాఖ్యలు వ్రాశారు. సిబ్బంది వాటిని పరిశీలించి, సరి అయిన వాటిని తమ సూచీలలో చేర్చుకొన్నారు. స్వచ్ఛంద సేవకు గ్రంథాలయ భవనంలోనికి రావడం తప్పనిసరి కాదన్న విషయం దీనితో స్పష్టమైనది.

ఉపయోగించే విధానం

పేజీ, సమూహం, వ్యక్తిగత ఖాతా

మిత్రబృందం సంస్థ పేరున పేజీ తెరవడం, కార్యకర్తల కోసం వేరుగా ఒక మూసివున్న సమూహం నడపడం సాధారణ పద్ధతి. పేజీ బయటివారి కోసం, సమూహం పని పంచుకొనుట కోసం. ఒక సభ్యుని వ్యక్తిగత ఖాతా మీద అంతా నడిపితే, ఆ సభ్యుడు ఊరు విడిచినా, సంఘం వదిలినా ఖాతా అతనితోనే పోతుంది. అందువలన కనీసం ఇద్దరు ముగ్గురికి నిర్వాహక హక్కులు ఇవ్వడం, ఎవరికి ఏ హక్కు ఉన్నదో సంఘం మినిట్సు పుస్తకంలో వ్రాసి ఉంచడం మంచిది.

కార్యకర్తల సమీకరణ

"స్వచ్ఛంద సేవకులు కావలెను" అనే సాధారణ ప్రకటనకు స్పందన తక్కువగా ఉంటుంది. పని, సమయం, స్థలం స్పష్టంగా చెప్పిన ప్రకటన ఎక్కువ పనిచేస్తుంది. ఉదాహరణకు, శనివారం ఉదయం రెండు గంటలసేపు అమ్మకపు పుస్తకాలను వరుస పెట్టేందుకు ఆరుగురు కావలెనని వ్రాసినచో, చదివినవారు తమకు వీలవుతుందో లేదో వెంటనే నిర్ణయించుకోగలరు. పని ముగిసిన తరువాత వచ్చినవారికి పేజీలో కృతజ్ఞతలు తెలుపుతారు. ఆ కృతజ్ఞతను వారి స్నేహితులు కూడా చూస్తారు కనుక తరువాతి పిలుపుకు కొత్తవారు చేరే అవకాశం ఉన్నది.

పుస్తకాల అమ్మకం, విరాళాలు

పాత పుస్తకాల అమ్మకం మిత్రబృందాలకు ముఖ్యమైన ఆదాయ మార్గం. అమ్మకానికి ముందు పుస్తకాల ఛాయాచిత్రాలు, తేదీ, వేళలు సైట్లలో ఉంచుతారు. విరాళం అడిగేటప్పుడు ఆ సొమ్ము దేనికి ఖర్చవుతుందో చెప్పడం, తరువాత ఖర్చయిన తీరును అదే చోట ప్రకటించడం నమ్మకాన్ని పెంచుతుంది. వాణిజ్య సంస్థల విరాళ పథకాలు శాశ్వతం కావు. కొనుగోలులో స్వల్ప భాగాన్ని సేవాసంస్థలకు ఇచ్చిన అమెజాన్ స్మైల్ పథకాన్ని ఆ సంస్థ 2023 ఫిబ్రవరిలో నిలిపివేసింది.

ప్రముఖ ఉదాహరణలు

ఒహాయో, 2009

ఆర్థిక మాంద్యం కారణంగా 2009 జూన్‌లో ఒహాయో రాష్ట్ర గవర్నరు ప్రజా గ్రంథాలయాల నిధులలో రెండేళ్ళకు కలిపి సుమారు 22.7 కోట్ల డాలర్ల కోత ప్రతిపాదించాడు. రాష్ట్ర బడ్జెటు ఆమోదానికి అప్పటికి కొద్ది రోజులే మిగిలి ఉన్నాయి. ఉత్తరాలు అచ్చువేసి పంచే వ్యవధి లేదు. పాఠకులు, గ్రంథపాలకులు, మిత్రబృందాలు ఫేస్‌బుక్, ట్విట్టర్ల ద్వారా వార్తను వ్యాపింపజేసి, శాసనసభ్యులకు ఫోను చేయమని, వ్రాయమని ప్రజలను కోరారు. చివరకు కోత సుమారు 8.4 కోట్ల డాలర్లకు తగ్గినది. గ్రంథాలయాలకు నష్టం తప్పలేదు గాని, చాలా శాఖలు నిలబడగలిగాయి.

స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్, 2011

ఇంగ్లాండులోని మిల్టన్ కీన్స్ ప్రాంతంలో గల ఈ చిన్న పట్టణపు గ్రంథాలయాన్ని మూసివేసే ప్రతిపాదన వచ్చినపుడు, అక్కడి మిత్రబృందం ఒక వినూత్న నిరసన తలపెట్టింది. ప్రతి సభ్యుడు తనకు అనుమతి ఉన్నన్ని పుస్తకాలు, అనగా 15, ఇంటికి తీసుకొని వెళ్ళాలని పిలుపునిచ్చింది. 2011 జనవరి నడుమ నాటికి సుమారు 16,000 పుస్తకాలు ఇళ్ళకు చేరి, అలమరలు ఖాళీ అయినవి. ఖాళీ అలమరల చిత్రాలు సోషల్ నెట్‌వర్కింగ్ సైట్ల ద్వారా ఇతర దేశాలకు కూడా చేరాయి. ఆ గ్రంథాలయం మూతపడలేదు.

అదే నెలలో గ్రంథాలయాలు ఎందుకు ముఖ్యమో ఒక్క వాక్యంలో చెప్పమని ట్విట్టర్‌లో వచ్చిన పిలుపుకు వేలాదిమంది స్పందించారు. "సేవ్ లైబ్రరీస్" అనే గుర్తుతో ఆ సందేశాలు వ్యాపించాయి. 2011 ఫిబ్రవరి 5న బ్రిటన్ అంతటా పాఠకులు గ్రంథాలయాలలో చేరి సామూహిక పఠనాలు జరిపారు.

ట్రాయ్, 2011

మిచిగాన్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో గ్రంథాలయం కోసం స్వల్ప పన్ను పెంపుపై 2011 ఆగస్టు 2న ఓటింగు జరిగినది. ఓడిపోతే గ్రంథాలయం మూతపడుతుంది. ఓటింగుకు ముందు ఊళ్ళో కొన్ని ఫలకాలు, ఫేస్‌బుక్‌లో ఒక పేజీ వెలిశాయి. గ్రంథాలయాన్ని మూసివేయుటకు ఓటు వేయండి, ఆగస్టు 5న పుస్తక దహనానికి రండి అని వాటి సారాంశం. ప్రజలు మండిపడ్డారు. తరువాత ఇది ఒక ప్రకటనల సంస్థ గ్రంథాలయానికి మద్దతుగా చేసిన ఎత్తుగడ అని వెల్లడైనది. పన్ను మీద జరుగుతున్న చర్చ పుస్తకాల మీదకు మళ్ళి, ప్రతిపాదన నెగ్గింది. అయితే బూటకపు పేరుతో ప్రజలను రెచ్చగొట్టడం న్యాయమా అనే ప్రశ్న మిగిలింది. నమ్మకమే పెట్టుబడిగా గల మిత్రబృందాలకు ఇది అనుసరణీయం కాదని చెప్పవచ్చును.

ఫెర్గూసన్, 2014

మిస్సోరి రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో 2014 ఆగస్టులో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి యువకుడు పోలీసు కాల్పులలో మరణించాడు. ఆ తరువాతి అల్లర్ల వలన బడులు తెరవడం ఆలస్యమైనపుడు, అక్కడి చిన్న పురపాలక గ్రంథాలయంలో స్వచ్ఛంద ఉపాధ్యాయులు పిల్లలకు పాఠాలు చెప్పారు. నవంబరు 24న గ్రాండ్ జ్యూరీ నిర్ణయం వెలువడి మరల అల్లర్లు చెలరేగినపుడు కూడా గ్రంథాలయం తెరిచే ఉన్నది. ఆ సంగతి ట్విట్టర్ ద్వారా దేశమంతా తెలిసి, కొద్ది వారాలలోనే 3.5 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఈ గ్రంథాలయం 2015లో లైబ్రరీ జర్నల్ పత్రిక వారి ఉత్తమ గ్రంథాలయ పురస్కారం పొందింది. ఇక్కడ ముందు సేవ జరిగినది, ప్రచారం తరువాత వచ్చినది.

కెన్సల్ రైజ్, 2011 - 2019

ప్రచారం ఎల్లప్పుడూ ఫలించదనుటకు లండన్ నగరంలోని కెన్సల్ రైజ్ ఉదాహరణ. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ 1900లో ప్రారంభించిన ఈ గ్రంథాలయం 2011 అక్టోబరులో మూతపడినది. పేరున్న రచయితలు మద్దతు పలికినా, న్యాయస్థానానికి వెళ్ళినా ఫలితం లేకపోయింది. 2012 మే నెలలో తెల్లవారుజామున పుస్తకాలను తరలించారు. అయినా మిత్రబృందం చెదిరిపోలేదు. భవనం బయట తాత్కాలిక గ్రంథాలయం నడిపింది. 2019లో ఆ భవనంలోనే ఒక భాగంలో స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే గ్రంథాలయం తెరవబడినది.

నియమాలు, జాగ్రత్తలు

* పాఠకుల గోప్యత: ఎవరు ఏ పుస్తకం చదివారన్నది రహస్యంగా ఉంచడం అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ నీతి నియమావళిలో ఒక భాగం. కార్యకర్తలు కూడా దీనిని పాటించవలెను. పాఠకుని పేరుతో అతడు తీసుకొన్న పుస్తకం గురించి వ్రాయరాదు.
* పిల్లల చిత్రాలు: తల్లిదండ్రుల వ్రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల చిత్రాలు ఉంచకుండుట మంచిది.
* రాజకీయాలు: అమెరికాలో 501(సి)(3) తరగతి సేవాసంస్థలు ఎన్నికలలో ఏ అభ్యర్థిని సమర్థించరాదు, వ్యతిరేకించరాదు. గ్రంథాలయ పన్ను వంటి ప్రతిపాదనలపై పరిమితులకు లోబడి ప్రచారం చేయవచ్చును.
* వేర్వేరు గొంతులు: గ్రంథాలయం పేజీ, మిత్రబృందం పేజీ వేరువేరుగా ఉండవలెను. మిత్రబృందం అభిప్రాయం గ్రంథాలయపు అధికారిక ప్రకటన కాదని పేజీలో తెలియజేయాలి.

పరిమితులు, విమర్శలు

ఈ సైట్లు స్వచ్ఛంద సంఘాల ఆస్తి కావు. వాటి యజమానులు నియమాలు మార్చవచ్చు, సైటునే మూసివేయవచ్చు. ఆర్కుట్ 2014 సెప్టెంబరులోను, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లోను మూతపడినవి. సర్వర్ల మార్పిడిలో పాత చిత్రాలు, పాటలు పోయినవని 2019లో మైస్పేస్ వెల్లడించింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో ఆగిపోయింది. ట్విట్టర్ పేరు 2023 జులైలో ఎక్స్‌గా మారింది. వీటినే నమ్ముకొన్న సంఘాలు తమ సభ్యుల జాబితాలను, సంవత్సరాల సంభాషణలను కోల్పోయే ప్రమాదం ఉన్నది. అందువలన సభ్యుల పేర్లు, ఈ-మెయిల్ చిరునామాలు సంఘం తన వద్ద విడిగా ఉంచుకోవడం అవసరం. పేజీలో వ్రాసిన ప్రతి మాటా అనుసరించే వారందరికీ కనిపించదనే విషయం కూడా గుర్తుంచుకోవలెను. ఎవరికి ఏది చూపాలో సైటే నిర్ణయిస్తుంది.

ఒక పేజీని "ఇష్టపడడం" సులువు. శనివారం పొద్దున వచ్చి పెట్టెలు మోయడం కష్టం. మద్దతుదారుల సంఖ్య చూసి కార్యకర్తల బలాన్ని అంచనా వేయడం పొరపాటు. అంతర్జాలం వాడని వృద్ధులు, పేదలు గ్రంథాలయంపై ఎక్కువ ఆధారపడతారు కనుక, గోడ ప్రకటన, ఉత్తరం, ముఖాముఖి సంభాషణ మానివేయడం తగదు.

బ్రిటన్‌లో మరొక ముఖ్యమైన విమర్శ వచ్చినది. 2010 తరువాత నిధుల కోత వలన అనేక గ్రంథాలయాలు స్వచ్ఛంద కార్యకర్తల చేతికి వచ్చాయి. శిక్షణ పొందిన ఉద్యోగుల స్థానంలో జీతం లేని కార్యకర్తలను నిలిపితే సేవల నాణ్యత పడిపోతుందని, కార్యకర్తలు దొరకని పేద ప్రాంతాలు నష్టపోతాయని విమర్శకుల వాదన. లేకుంటే గ్రంథాలయమే ఉండదని మిత్రబృందాల సమాధానం. అంతర్జాలంలో కార్యకర్తలను ఎంత సులభంగా సమీకరించగలిగితే, ఉద్యోగులను తొలగించడం అంత సులభమవుతుందనే వైరుధ్యం ఇందులో ఉన్నది.

తెలుగునాట పోలికలు

గ్రంథాలయాల కోసం స్వచ్ఛందంగా పనిచేయడం తెలుగువారికి కొత్త కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో తరువాత సారస్వత నికేతనంగా పేరొందిన గ్రంథాలయం ప్రజల చొరవతోనే వెలిశాయి. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914 ఏప్రిల్ 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి, గ్రంథాలయ సంఘం ఏర్పడినది. గ్రంథాలయ సర్వస్వము పత్రిక, ఊరూరి గ్రంథాలయ యాత్రలు ఆనాటి కార్యకర్తలను ఒకరితో ఒకరిని కలిపిన సాధనాలు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి ప్రాంతపు కాలువపై పడవ గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు ఉన్న చోటికి గ్రంథాలయం వెళ్ళవలెననే ఆలోచన ఈ ప్రయత్నాలకూ, నేటి సోషల్ నెట్‌వర్కింగ్ సైట్ల వినియోగానికీ సమానమే.

ఇవి కూడా చూడండి

* గ్రంథాలయోద్యమం
* అయ్యంకి వెంకటరమణయ్య
* పాతూరి నాగభూషణం
* సారస్వత నికేతనం
* ఫేస్‌బుక్
* స్వచ్ఛంద సేవ