షిప్‌యార్డు గేటు దగ్గర పిల్లల బడి

ఈ వారం మాట్లాడింది డేకేర్ వ్యాపారం చరిత్ర గురించి. టైం సరిపోక చెప్పనివి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఐటీఐ చదివి కాంక్రీటు పోయించుకునే నాకు పిల్లల గోల ఎందుకంటారా? ఇర్వింగ్‌లో మా మరదలు డేకేర్ పెడదామనుకుంటోంది. "బావా, సైట్లు నడిపిస్తవు కదా, ఆ షాపు అద్దెకు తీసుకోవచ్చా చూసి చెప్పు" అంది. పెట్టేది వాళ్లిద్దరి పదేళ్ల పొదుపు. గోడలు, బాత్రూములు చూడటం నాకు గంట పని. పిల్లలు వస్తారా రారా అన్నది మాత్రం గంటలో తేలేది కాదు. అప్పుడే పాత సంగతులు చదవడం మొదలుపెట్టాను.

అన్నిటికన్నా నాకు నచ్చింది పోర్ట్‌లాండ్ కథ. రెండో ప్రపంచ యుద్ధంలో కైజర్ కంపెనీ అక్కడ ఓడలు కట్టేది. మగవాళ్లు యుద్ధానికి పోతే వెల్డింగ్ పనికి ఆడవాళ్లు వచ్చారు. పిల్లల్ని చూసే దిక్కు లేకపోతే వాళ్లు పనికెట్లా వస్తారు? 1943 నవంబరులో కంపెనీ రెండు షిప్‌యార్డుల గేట్ల దగ్గరే పిల్లల కేంద్రాలు తెరిచింది. షిఫ్టులు రాత్రీ పగలూ నడిచేవి కాబట్టి కేంద్రాలూ 24 గంటలూ నడిచాయి. ఏడాదిన్నర వయసు నుంచి ఆరేళ్ల దాకా తీసుకునేవాళ్లు. ఫీజు వారానికి 5 డాలర్లు, ఇంటి నుంచి రెండో బిడ్డ వస్తే 3.75. తల్లి షిఫ్టు దిగి వెళ్తూ వండిన భోజనం కూడా కొనుక్కుని పోవచ్చు.

కట్టడం చూడండి, సూపర్‌వైజర్‌గా నాకు ముచ్చటేసింది. బండి చక్రంలా గుండ్రంగా, మధ్యలో ఆట స్థలం, చుట్టూ గదులు. రోడ్డు మీది బండ్ల భయం లేదు. కిటికీల్లోంచి అమ్మ పనిచేసే యార్డు కనబడుతుంది. స్నానాల తొట్లు ఎత్తులో పెట్టారు, ఆయాల నడుములు విరగకుండా! ఎవరో వచ్చి తల్లుల్నీ ఆయాల్నీ కూర్చోబెట్టి అడిగి గీసిన ప్లాను అది, నా అంచనా. 1945లో యుద్ధం ఆగింది, ఆర్డర్లు ఆగాయి, కేంద్రాలూ మూతపడ్డాయి. ఎంత బాగా కట్టినా, పక్కన కూలి లేకపోతే పిల్లలు లేరు.

ఆ తర్వాత 1969. అలబామాలోని మాంట్‌గోమరీలో పెరీ మెండెల్ అనే రియల్ ఎస్టేట్ ఆయన కిండర్‌కేర్ మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ఉద్యోగాలకు పోవడం ఇంకా పెరుగుతుందని పట్టుకున్నాడు. అంటే ఆయన చూసింది ఇవాళ్టి పిల్లల్ని కాదు, రేపటి తల్లుల్ని. 1971లో ప్రభుత్వం తరఫున దేశమంతా పిల్లల కేంద్రాలు పెట్టే బిల్లును నిక్సన్ వీటో చేశాడు. దాంతో ప్రైవేటు వాళ్లకు దారి ఇంకా ఖాళీ అయ్యింది.

అదే 1969లో మన దేశంలో ఇంకో పని జరిగింది. ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన కడుతుంటే, ఇటుకలు మోసే కూలి తల్లుల పసిపిల్లలు దుమ్ములో పడి ఉండటం మీరా మహాదేవన్ చూశారు. అక్కడే ఒక టెంటు వేయించారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అట్లా పుట్టింది. తర్వాత 1996లో వచ్చిన నిర్మాణ కార్మికుల చట్టం, 50 మందికి మించి ఆడకూలీలుంటే ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలంది. ఊళ్లో నేను చేసిన సైట్లలో ఆ గది ఒక్కటి చూడలేదు. చీర ఉయ్యాలే. ఇక గల్ఫ్ క్యాంపుల్లో మనకు ఆ మాటే రాదు, పిల్లలు ఊళ్లో నానమ్మ దగ్గరే పెరుగుతారు కదా.

ఇర్వింగ్ సంగతికొస్తే, 1973లో లాస్ కొలీనాస్ కట్టడం మొదలైంది, 1974లో డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం తెరిచారు. ఆఫీసులు వచ్చాయి, వాటి వెనకాల మనవాళ్లు. కానీ చాలాకాలం హెచ్4 మీద వచ్చిన ఆడవాళ్లకు పని చేసే హక్కు లేదు, ఇంట్లోనే ఉన్నారు. 2015 మే 26 నుంచి వాళ్లలో చాలామందికి వర్క్ పర్మిట్ దొరికింది. ఒక్క రూలుతో రెండూ జరిగాయి: బిడ్డను అప్పగించాల్సిన తల్లులు పెరిగారు, మా మరదలి లాగా డేకేర్ పెడతామనేవాళ్లూ పెరిగారు. అందుకే పక్క వీధిలో డేకేర్లు ఎన్ని ఉన్నాయో చూసి వదిలేస్తే సరిపోదు. మన దగ్గర అసలు పోటీ అమ్మమ్మ. విజిటర్ వీసా మీద అమ్మమ్మ ఆరు నెలలు, తర్వాత నానమ్మ ఆరు నెలలు. "మీ అమ్మావాళ్లు ఎప్పుడు వెళ్తున్నారు?" అని అడగని మార్కెట్ రీసెర్చ్ ఎందుకు?

రెండోది వయసు. టెక్సాస్ రూలు ప్రకారం సెంటర్లో ఏడాదిలోపు పసివాళ్లయితే నలుగురికి ఒక మనిషి ఉండాలి. నాలుగేళ్లవాళ్లయితే 18 మందికి ఒకరు చాలు. అంటే నాలుగు ఫీజుల్లోంచి ఒక జీతమా, 18 ఫీజుల్లోంచా? ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది అడిగింది పసివాళ్లకే. ఇక స్థలం, ఒక్కో పిల్లకు లోపల 30 చదరపు అడుగులు. వంటగది, బాత్రూము, నడవా లెక్కలోకి రావు. ఆ షాపు టేపు పెట్టి కొలిచాను. సగం దాదాపు నడవాకే పోయింది.

ఆ అద్దె, ఆ జీతాలు కాగితం మీద వేసి చూశాక షాపు వద్దనుకుంది. ఇంట్లోనే రిజిస్టర్డ్ హోం పెడితే ఆరుగురిని చూడొచ్చు, బడి అయ్యాక వచ్చేవాళ్లు ఇంకో ఆరుగురు. వాళ్లుండేది అద్దె ఇల్లు, ముందు ఓనరు ఒప్పుకున్నట్టు రాసివ్వాలి. ఆ కాగితం కోసం చూస్తోంది.