కీళ్లజబ్బులు పెరిగాయా? వయసు, కొలత, కారణాలపై ఒక పరిశీలన

కీళ్లజబ్బులు ఏటికేడు పెరిగిపోతున్నాయన్న మాట వైద్య పత్రికల్లోనూ ప్రసార మాధ్యమాల్లోనూ నిర్వివాదంగా చెలామణీ అవుతోంది. దానికి జోడుగా మరో మాటా వినిపిస్తుంది: మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారు, మోకాళ్లు అరగడం వయసు ధర్మం, ఇందులో వింతేమీ లేదని. మొదటిది ఆందోళన రేపే మాట, రెండోది దాన్ని చల్లార్చే మాట. రెంటిలోనూ కొంత నిజముంది. అయితే రోగుల మొత్తం సంఖ్య, ఒకే వయసువారిలో జబ్బు వ్యాప్తి, జబ్బును గుర్తించే పద్ధతి అనే మూడు విషయాలను రెండూ కలగాపులగం చేస్తున్నాయి. ఆర్థ్రయిటిస్ అన్న పేరు కింద వందకు పైగా జబ్బులున్నాయి. వాటిలో అన్నిటికంటే ఎక్కువమందిని బాధించేది, గుజ్జు అరిగిందని మనవాళ్లు చెప్పుకునే ఆస్టియో ఆర్థ్రయిటిస్. ప్రధానంగా దాన్ని ఆధారం చేసుకుని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది ఇది: సంఖ్యలో కనిపించే పెరుగుదలలో అత్యధిక భాగం జనాభాదీ వయసుదీ. ఆ రెంటినీ తీసేశాక మిగిలేది చిన్న భాగమే కానీ, దాన్ని లేదని కొట్టిపారేయలేం. నివారణకు లొంగే అవకాశం ఉన్నదీ అదే.

సంఖ్యను విడదీస్తే

ప్రపంచ వ్యాధిభార అధ్యయనం ఆధారంగా వెలువడిన అంచనాల ప్రకారం, భారతదేశంలో ఆస్టియో ఆర్థ్రయిటిస్ ఉన్నవారు 1990లో సుమారు 2.35 కోట్లు. 2019 నాటికి వారు 6.24 కోట్లయ్యారు, అంటే దాదాపు 2.66 రెట్లు. అదే అధ్యయనం వయసు తేడాలను సరిచేసి లెక్కించిన వ్యాప్తి రేటు మాత్రం లక్షకు 4,895 నుంచి 5,313కు చేరింది, అంటే ఎనిమిదిన్నర శాతం పెరిగింది. ఒకే సమాచారం నుంచి వచ్చిన ఈ రెండు అంకెల మధ్య ఇంత దూరం ఎందుకుందో చూడాలి. ఈ కాలంలో దేశ జనాభా సుమారు 87 కోట్ల నుంచి 138 కోట్లకు, అంటే దాదాపు 1.6 రెట్లు పెరిగింది. 1991 జనగణనలో 6.8 శాతంగా ఉన్న అరవై దాటినవారి వాటా 2011కల్లా 8.6 శాతమైంది, ఆ తర్వాతా పెరుగుతూనే ఉంది. జనాభా పెరుగుదలనూ రేటు పెరుగుదలనూ పక్కన పెడితే, జనాభా వయసు ముదరడం వల్ల వచ్చిన గుణకం సుమారు ఒకటిన్నర. గుణకాల్లో తూచి చూస్తే పెరుగుదలలో పదింట తొమ్మిది పాళ్లు ఈ రెంటికే చెందుతాయి. రోగుల సంఖ్య రెండున్నర రెట్లు దాటిందన్న వార్త అబద్ధం కాదు. అయితే ఆసుపత్రులకు ఎన్ని పడకలు, ఎంతమంది ఫిజియోథెరపిస్టులు కావాలో చెప్పడానికే అది పనికొస్తుంది. జబ్బు స్వభావం మారిందా అన్న ప్రశ్నకు దానిలో జవాబు లేదు.

మిగిలిన ఎనిమిదిన్నర శాతం పట్టించుకోదగ్గది కాదని అనిపించవచ్చు. కానీ రేటు 1990 నాటి స్థాయిలోనే నిలిచి ఉంటే 2019లో రోగులు స్థూలంగా 49 లక్షల మంది తక్కువ ఉండేవారు. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. భారతదేశానికి సంబంధించిన ఈ అంకెలు ప్రత్యక్ష గణన నుంచి వచ్చినవి కావు. అరకొరగా ఉన్న సర్వేల నడుమ ఖాళీలను గణాంక నమూనాలు పూరించగా వచ్చిన అంచనాలు. ఈ అభ్యంతరం సరైనదే. అందుకే ఇంత చిన్న మార్పును ఒక్క ఈ ఆధారంతోనే నిజమని తేల్చడం తొందరపాటవుతుంది. ఏళ్ల తరబడి ఒకే విషయాన్ని అడుగుతూ వచ్చిన దేశాల సమాచారాన్ని పక్కన పెట్టుకుని చూడాలి.

అడిగే ప్రశ్న, వచ్చే జవాబు

అలాంటి సమాచారం దండిగా ఉన్న దేశం అమెరికా. అక్కడి జాతీయ ఆరోగ్య ఇంటర్వ్యూ సర్వేలో, డాక్టర్ తమకు కీళ్లజబ్బు ఉందని చెప్పినట్టు తెలిపిన వయోజనులు 2003-05లో 21.6 శాతం, 2013-15లో 22.7 శాతం, 2016-18లో 23.7 శాతం. 2019-21కి వచ్చేసరికి అది 21.2 శాతానికి పడింది. రోగుల సంఖ్య 5.85 కోట్ల నుంచి 5.32 కోట్లకు తగ్గింది. యాభై లక్షల మందికి మోకాళ్లు బాగుపడ్డాయని దీనర్థం కాదు. 2019లో సర్వేను మొత్తంగా పునర్వ్యవస్థీకరించారు కనుక ముందు వెనుకల అంకెలను నేరుగా పోల్చడం కుదరదు. నిర్వచనం మారితే ఎంత తేడా వస్తుందో మరో లెక్క చూపుతుంది. డాక్టర్ మాటతో పాటు దీర్ఘకాలిక కీళ్ల లక్షణాలనూ పరిగణించి జాఫర్‌జాదే, ఫెల్సన్ అనే పరిశోధకులు 2015కు కట్టిన అంచనా 36.8 శాతం, అంటే 9.12 కోట్ల మంది. పాత నిర్వచనం ప్రకారం దాదాపు అదే కాలంలో ఆ సంఖ్య 5.44 కోట్లే. దశాబ్దానికి పైగా సాగిన ధోరణి తెచ్చిన మార్పు రెండు శాతం పాయింట్లు. నిర్వచనం తెచ్చిన తేడా పద్నాలుగు.

జబ్బు రకాన్ని రోగి నోటి మాటగా నమోదు చేసినప్పుడు చిక్కు ఇంకా ముదురుతుంది. అమెరికాలోనే మరో జాతీయ సర్వే ప్రకారం 1999-2014 మధ్య ఆస్టియో ఆర్థ్రయిటిస్ 6.6 నుంచి 14.3 శాతానికి పెరిగింది, రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ 5.9 నుంచి 3.8 శాతానికి తగ్గింది. కానీ వైద్యులు స్వయంగా పరీక్షించి నిర్ధారించిన చోట రుమటాయిడ్ ఒక శాతానికి అటూ ఇటూగానే తేలుతుంది. మన దేశంలో ఢిల్లీ సమీప గ్రామాల్లో మాలవీయ బృందం 1993లో ప్రకటించిన అంకె 0.75 శాతం. ఉండవలసిన దానికంటే నాలుగైదు రెట్లు ఎక్కువమంది తమకు రుమటాయిడ్ ఉందంటున్నారంటే పేర్లు తారుమారవుతున్నాయన్నమాట. రూపుకట్టడానికే దశాబ్దాలు పట్టే జబ్బు పదిహేనేళ్లలో రెట్టింపు కావడం శరీర ధర్మంతో పొసగని మాట. ఇందులో చాలా భాగం రోగులకు తమ జబ్బు సరైన పేరు తెలియడం వల్ల వచ్చినదై ఉండాలి. తెలుగు నేల మీద ఈ చిక్కుకు స్థానిక కారణాలూ తోడవుతాయి. 2005-06లో ఆంధ్రప్రదేశ్‌తో పాటు దక్షిణాది అంతటా చెలరేగిన చికున్‌గున్యా చాలామందికి నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి కీళ్లనొప్పులు మిగిల్చింది. నల్గొండ, ప్రకాశం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీరు ఎముకలనూ కీళ్లనూ బిగుసుకుపోయేలా చేసింది. కీళ్లు నొప్పిగా ఉన్నాయా అని మాత్రమే అడిగే సర్వేలో ఇవన్నీ ఒకే గంపలో పడతాయి.

ఎముకల సాక్ష్యం

జ్ఞాపకం మీదా, డాక్టర్ మాట మీదా, ప్రశ్నావళి మీదా ఆధారపడని సాక్ష్యం కావాలంటే అస్థిపంజరాల దగ్గరకు వెళ్లాలి. మృదులాస్థి పూర్తిగా పోయి ఎముక మీద ఎముక ఒరుసుకున్నప్పుడు ఆ చోటు దంతంలా నున్నగా మెరుస్తుంది. ఇయాన్ వాలెస్, డేనియల్ లీబర్‌మన్ తదితరులు ఈ గుర్తునే ప్రమాణంగా తీసుకుని, యాభై ఏళ్లు, ఆ పైబడి చనిపోయిన 2,500 మందికి పైగా అస్థిపంజరాల మోకాళ్లను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. చరిత్రపూర్వ కాలపు వేటగాళ్లలో, తొలి రైతుల్లో 8 శాతం మందికి, పందొమ్మిదో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల వరకు జీవించినవారిలో 6 శాతం మందికి, ఇటీవలి కాలం వారిలో 16 శాతం మందికి మోకాలి ఆస్టియో ఆర్థ్రయిటిస్ కనిపించింది. వయసునూ శరీర బరువు సూచికనూ సరిచేసి చూసినా, పారిశ్రామిక యుగపు తొలినాళ్ల వారితో పోలిస్తే నేటివారిలో అది 2.1 రెట్లుంది. వయసు ధర్మమన్న వాదన నిలవనిది ఇక్కడే. ఒకే వయసులో తాతల మోకాళ్లకూ మనవల మోకాళ్లకూ ఇంత తేడా ఉంటే ఆ తేడాకు వయసు కారణం కాజాలదు.

ఈ అధ్యయనానికీ అభ్యంతరాలున్నాయి. పాత అస్థిపంజరాలు చాలావరకు అమెరికా నగరాల్లో దిక్కులేకుండా చనిపోయిన పేదలవి, కనుక వారు మొత్తం సమాజానికి ప్రతినిధులు కారు. ఆ లోపం నిజమే. కానీ ఆ పేదలు జీవితమంతా బరువులు మోసి, కాయకష్టం చేసి బతికినవారు. వాడకం వల్లే మోకాళ్లు అరుగుతాయన్న వాదన సరైనదైతే వారి మోకాళ్లే ముందు అరిగి ఉండాలి. ఫలితం అందుకు భిన్నంగా ఉంది కనుక ఈ లోపం వాదనను బలహీనపరచడానికి బదులు బలపరుస్తోంది. రెండో అభ్యంతరం అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిగిన అధ్యయనం నుంచి వస్తుంది. అక్కడ ఇరవై ఏళ్లలో నొప్పితో కూడిన మోకాలి ఆస్టియో ఆర్థ్రయిటిస్, వయసునూ బరువునూ సరిచేశాక కూడా, స్త్రీలలో సుమారు రెట్టింపు, పురుషుల్లో మూడు రెట్లయింది. ఎక్స్‌రేలో కనిపించే జబ్బు మాత్రం పెరగలేదు. ఆ పరిశీలన 1980ల్లో మొదలైనది. ఎముకలు చూపే మార్పు అంతకు ముందు తరాలతో మొదలైంది. కనుక రెండూ పరస్పర విరుద్ధమనలేం. ఎక్స్‌రే మారకుండానే నొప్పి పెరిగిన చోట, బాధను చెప్పుకునే తీరూ నడివయసులోనే వ్యక్తులపై పడుతున్న ఇతర ఒత్తిళ్లూ పాత్ర వహించి ఉండవచ్చు.

కారణాల దిశగా

బరువు పెరగడం ఒక కారణమనడంలో సందేహం లేదు. ప్రపంచ వ్యాధిభార అధ్యయనం ఆస్టియో ఆర్థ్రయిటిస్ భారంలో ఐదో వంతును అధిక శరీర బరువుకే ఆపాదించింది. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో అధిక బరువున్న స్త్రీల వాటా 2005-06లో 12.6 శాతం, 2015-16లో 20.6 శాతం, 2019-21లో 24 శాతం. ఈ చివరి సర్వేలో ఆంధ్రప్రదేశ్ 36.3 శాతంతో, తెలంగాణ 30.1 శాతంతో దేశ సగటును దాటిపోయాయి. అయినా బరువొక్కటే మొత్తం కథ చెప్పదు. బరువును సరిచేశాక కూడా ఎముకల్లో రెట్టింపు తేడా నిలిచింది. స్థూలకాయుల్లో బరువు మోయని చేతివేళ్ల కీళ్లకూ ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. కనుక బరువు భారంగానే కాక, కొవ్వు పుట్టించే వాపు ద్వారానూ పనిచేస్తోందని అర్థం. శరీరశ్రమ తగ్గి తొడ కండరాలు బలహీనపడటం మరో సంభావ్య కారణం. గొంతుక్కూచునే అలవాటు వల్లే మనవాళ్ల మోకాళ్లు పాడవుతున్నాయని ఒక వాదన ఉంది. బీజింగ్‌లో జరిగిన ఒక అధ్యయనం దీర్ఘకాలం గొంతుక్కూచోవడానికీ మోకాలి జబ్బుకూ సంబంధాన్ని చూపింది కూడా. అయితే కమోడ్లు, గ్యాస్ పొయ్యి గట్లు, కుర్చీలు వచ్చాక ఆ అలవాటు తగ్గుతూ వచ్చింది. తగ్గుతున్న అలవాటు ప్రాంతాల మధ్య తేడాను వివరించగలదేమో గానీ, కాలంతో వచ్చిన పెరుగుదలను వివరించలేదు.

పై ఆధారాలన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. కీళ్లజబ్బుల మహమ్మారి ముంచుకొచ్చిందన్న హెచ్చరికలో అతిశయం ఉంది. వయసుతో వచ్చేదే కదా అన్న ఊరడింపులో అంతకంటే పెద్ద పొరపాటుంది. మన దగ్గర కొరతగా ఉన్నది నమ్మదగిన కొలమానం. నలభై ఐదేళ్లు దాటిన 72 వేల మందిని పలకరించిన 2017-18 నాటి వృద్ధాప్య అధ్యయనం, లాసి, ఇందుకు మంచి పునాది వేసింది. రాబోయే విడతల్లోనూ అవే ప్రశ్నలు అదే వరుసలో అడగాలి. ఎంపిక చేసిన కొందరికైనా వైద్య పరీక్షతో జవాబులను సరిచూడాలి. ముప్పై ఏళ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహం, మూడు రకాల క్యాన్సర్ల కోసం ఇప్పటికే జరుగుతున్న ప్రభుత్వ పరీక్షల్లో మోకాళ్లకు సంబంధించిన రెండు మూడు ప్రశ్నలు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వయసును ఆపలేం. ఒకే వయసువారిలో రేటు పెరగకుండా చూడటం మాత్రం ప్రజారోగ్య వ్యవస్థ చేయగల పని, చేయవలసిన పని.