వేడి తగలని గంజాయి: ఆలస్యంగా వెలుగుచూసిన ఆమ్లాల కథ

గంజాయి మొక్కలో మత్తు పదార్థం ఉంటుందన్న మాట రసాయనశాస్త్ర దృష్టిలో సగమే నిజం. పచ్చి పూలగుత్తుల మీది జిగురు గ్రంథుల్లో ప్రధానంగా ఉండేది మత్తునిచ్చే టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్లరూపమైన టీహెచ్‌సీఏ. నార కోసం, గింజల కోసం పెంచే హెంప్ రకాల్లో ఆ స్థానం ఎక్కువగా సీబీడీఏది. వేడి తగిలితే ఈ ఆమ్లాల అణువు తనలోని కార్బాక్సిల్ సమూహాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేసి టీహెచ్‌సీగానో సీబీడీగానో మారుతుంది. డీకార్బాక్సిలేషన్ అనే ఈ మార్పు నిల్వ ఉంచిన సరుకులో నెలల తరబడి మెల్లగా సాగుతుంది, 110 డిగ్రీల సెల్సియస్ దాటితే నిమిషాల లెక్కన జరుగుతుంది.

వాడుకలో ఈ తేడా ఎప్పటినుంచో ఉంది. చిలుములో నిప్పు తగిలిన గంజాయిలో ఆమ్లం క్షణాల్లో మారిపోతుంది. పాలలో మరిగించిన భంగులో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మార్పు పాక్షికమే, అయితే నీటిలో కరగని ఈ పదార్థాలు పాలలోని వెన్నలోకి దిగుతాయి. బ్రిటిష్ ప్రభుత్వం 1893లో నియమించిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ మద్రాసు రాజధానిలోని సాగును కూడా విచారించింది. అప్పటి కృష్ణా జిల్లా సంతరావూరు ప్రాంతం అందులో ప్రస్తావనకు వచ్చిన తెలుగు నేల. సాగు, సుంకం, వాడకం, ఆరోగ్యం గురించి వందలాది సాక్షులను అడిగిన ఆ కమిషన్ కాలానికి, మత్తుకు కారణమైన అణువేదో ఎవరికీ తెలియదు.

1896లో కేంబ్రిడ్జిలో వుడ్, స్పైవీ, ఈస్టర్‌ఫీల్డ్ అనే రసాయనవేత్తలు గంజాయి జిగురైన చరస్‌ను స్వేదనం చేసి, అంటే బాగా కాచి ఆవిరిని చల్లబరచి, ఒక ఎర్రని నూనెను రాబట్టారు. దాని నుంచే కానబినాల్ అన్న పేరు స్థిరపడింది. టీహెచ్‌సీ గాలి, వెలుతురు, వేడి సోకి పాడైనప్పుడు ఏర్పడేదే కానబినాల్ అని తరువాత తేలింది. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ సీబీడీని వేరుచేశాడు. మొక్కలో ఏముందో చూడటానికి వాడిన నిప్పే మొక్కలో ఉన్నదాన్ని మార్చివేయడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసే సంగతి. తొలి పరిశోధకుల శ్రమను అది ఏమాత్రం తగ్గించదు, కానీ ఆమ్లాలు అంతకాలం కనబడకపోవడానికి ఒక ముఖ్య కారణం అదే.

1955లో చెకోస్లొవేకియాకు చెందిన క్రెయ్చీ, శాంతావీ సీబీడీఏను వేరుచేయడంతో తెర తొలగింది. ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం బృందం 1963లో సీబీడీ నిర్మాణాన్నీ, సహ పరిశోధకుడు గవోనీతో కలిసి 1964లో టీహెచ్‌సీ నిర్మాణాన్నీ తేల్చింది. మరుసటి ఏడాదే జర్మనీలో కోర్టె బృందం టీహెచ్‌సీఏను గుర్తించింది. 1995లో జపాన్ శాస్త్రవేత్తలు మొక్కలోని ఒక ఎంజైమును శుద్ధిచేసి, అది సీబీజీఏ అనే మాతృ ఆమ్లం నుంచి నేరుగా టీహెచ్‌సీఏనే తయారుచేస్తుందని చూపారు. అయినా గ్యాస్ క్రొమాటోగ్రఫీ వాడే ప్రయోగశాలల్లో పాత చిక్కు మిగిలింది. నమూనాను ఆవిరిగా మార్చే చోటే ఆమ్లం విడిపోతుంది కనుక యంత్రం చూపే టీహెచ్‌సీలో చాలా భాగం అక్కడే పుట్టినది. ద్రవ క్రొమాటోగ్రఫీ వేడి చేయదు కాబట్టి రెండింటినీ విడివిడిగా కొలుస్తుంది.

ఈ లెక్క చట్టానికి ప్రాణాధారం. టీహెచ్‌సీఏ అణుభారం సుమారు 358, టీహెచ్‌సీది 314. అందుకే ఆమ్లం తూకాన్ని 0.877తో గుణించి ఉన్న టీహెచ్‌సీకి కలిపితే మొత్తం వస్తుంది. అమెరికా పెట్టిన 0.3 శాతం హద్దుతో చూస్తే 0.2 శాతం టీహెచ్‌సీ, 1 శాతం టీహెచ్‌సీఏ ఉన్న పంట ఒక కొలతలో హెంప్, మరో కొలతలో 1.08 శాతంతో గంజాయి. భారతదేశపు 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి నిర్వచనంలో అణువును కాక మొక్క భాగాన్ని చూసి, పూత కొనలు లేని ఆకులనూ గింజలనూ మినహాయించింది. అమెరికా 2018 వ్యవసాయ చట్టం డెల్టా-9 టీహెచ్‌సీకి 0.3 శాతం హద్దు పెట్టింది. పంట పరీక్షలో ఆమ్లాన్నీ లెక్కించాలని వ్యవసాయ శాఖ నిబంధన 2021లో ఖాయమైనా, చట్టంలోని డెల్టా-9 టీహెచ్‌సీ పేరునే పట్టుకుని టీహెచ్‌సీఏ పూలు హెంప్ పేరుతో దుకాణాలకు చేరాయి. న్యూజెర్సీలో 2022 ఏప్రిల్ 21 నుంచి పెద్దలకు గంజాయి అమ్మకం చట్టబద్ధమైంది కాబట్టి అక్కడ లైసెన్సు సరుకు, హెంప్ సరుకు మధ్య గీత ఈ ఆమ్లం మీదుగానే వెళ్ళింది. 2025 నవంబరులో ఆమోదం పొందిన ఫెడరల్ చట్టం హెంప్ నిర్వచనంలోనే టీహెచ్‌సీఏను కలుపుకున్న మొత్తం టీహెచ్‌సీని చేర్చి, అమలుకు ఒక ఏడాది గడువిచ్చింది.