మన ఇళ్లల్లో బిస్కెట్ డబ్బాల్లో ఉన్న చరిత్ర

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చూసుకుని చదవండి.

పర్ణశాల, దుమ్ముగూడెం వైపు మన ఊళ్లల్లో చాలా ఇళ్లల్లో ఒక డబ్బా ఉంటుంది. బిస్కెట్ల డబ్బానో, చెప్పుల అట్టపెట్టెనో. దాంట్లో రేషన్ కార్డు జిరాక్సులు, పాత కరెంటు బిల్లులు, వాటి కింద నాలుగైదు సీడీలు. పెళ్లి సీడీ, పెద్దకర్మ సీడీ, ఒకటో రెండో పండుగ సీడీలు. వాటిని చూసే మిషనే ఇంట్లో లేదు కాబట్టి ఎవరూ తియ్యరు. నేను మాట్లాడేది వాటి గురించే.

ముందు ఇవి ఎట్లా వచ్చాయో చూద్దాం. జపాన్ కంపెనీ జేవీసీ 1976లో వీహెచ్ఎస్ క్యాసెట్టు తెచ్చింది. పెళ్లికి వీడియో తీయించడం మన దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చాక కూడా డెక్కు అద్దెకు తెచ్చుకుని చూసుడే. మనోళ్లకు అసలు వీడియో అంటే వీసీడీతోనే మొదలైంది. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ కలిసి వీసీడీ పద్ధతిని ఖరారు చేశాయి. ఒక డిస్కుకు 74 నిమిషాల బొమ్మ. అందుకే మూడు గంటల పెళ్లి మూడు డిస్కులయ్యేది. తర్వాత 4.7 జీబీ డీవీడీ వచ్చింది, పెళ్లంతా ఒక్కదాంట్లో పట్టింది. ఢిల్లీ కంపెనీ మోసర్ బేర్ సినిమా వీసీడీని 28 రూపాయలకు అమ్మిన రోజులు గుర్తున్నవాళ్లు ఈ గ్రూపులో ఉంటారు. ఆ కంపెనీ 2018లో దివాలా తీసి మూతపడింది. వీసీఆర్ మిషన్లు తయారుచేసే చివరి కంపెనీ ఫునాయ్ 2016లోనే ఆపేసింది. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొంటే డిస్కు పెట్టే అరే ఉండదు.

పెళ్లి సీడీలకి ఇంత చరిత్ర ఎందుకని అడగొచ్చు. నిజానికి ఆ డిస్కుల్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు పెద్ద విషయం కాదు. వెనకాల నిలబడ్డవాళ్లు విషయం. కెమెరా అతను సినిమా పాట కలపడానికి తిప్పుకుంటూ పోతే, ఆ మూల మీద రేల పాట పాడుతున్న ముసలమ్మ అరనిమిషం పడింది. కోయ భాషలో పెళ్లి పెద్ద ఏ గట్టు వాళ్లు, ఏ గోత్రం అని అడగడం, ఇటు వాళ్లు జవాబు చెప్పడం పడింది. కొమ్ముకోయ ఆట, డోలు దెబ్బ పడ్డాయి. తీసినవాడికి ఆ భాష రాదు, ఆ తంతు ఏంటో తెలియదు. అయినా పడింది. మన పెళ్లి తంతు ఎప్పుడు ఎంత మారిందో ఏ పుస్తకంలోనూ వరుసగా లేదు, ఈ డిస్కుల్లో ఉంది.

మన చరిత్ర నోట్లో ఉంటుంది. మణుగూరు మండలం కూనవరం సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మ కథను, వేల్పుల కథలను డోలు కొట్టుకుంటూ కోయలో, తెలుగులో పాడిన మనిషి. 2024లో పోయారు. ఆయన స్థాయి మనిషి కాబట్టి టీవీలోనో, పత్రికలోనో కొంత మిగిలింది. మీ ఊరి డోలి ఆయనవి, మీ ఊరి రేల అక్కవి ఎవరు దాచారు? దాచింది ఆ పెళ్లి సీడీయే.

బయటివాళ్లు మాత్రం దాచుకున్నారు. గ్రియర్సన్ భాషా సర్వేకి తోడుగా 1913 నుంచి 1929 దాకా మన దేశ భాషల గొంతులు గ్రామఫోన్ రికార్డుల మీదకి ఎక్కించారు. ఆ రికార్డుల ప్రతులు ఒక్కచోటే కాకుండా సముద్రం దాటి లండన్‌లో కూడా ఉన్నాయి కాబట్టి ఇవాళ ఇంటర్నెట్‌లో వినగలుగుతున్నాం. హైమెండార్ఫ్ 1940ల్లో మన అడవుల్లో తిరిగి కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేశాడు. ఆయన ఫొటోలు, ఫిల్ములు లండన్ సోయాస్‌లో చల్లటి గదిలో ఉన్నాయి. మన తాతల మొహాలు చూడాలంటే లండన్ దిక్కు చూడాలి. నాకు దానిమీద కోపం కూడా ఉంది, కృతజ్ఞత కూడా ఉంది. ఆయన తియ్యకపోతే అవీ లేవు. కానీ మన చేతుల్తో డబ్బులిచ్చి మనం తీయించుకున్నవి మన దగ్గర ఒక్క ప్రతే ఉంటే ఆ తప్పు లండన్ వాళ్లది కాదు కదా.

ఒక్క ప్రతి అంటే ఏంటో గోదావరి పక్కన ఉన్నోళ్లకి వేరే చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర 53 అడుగులకి మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు, పర్ణశాల నీళ్లలోనే ఉంది. ఆ వరదలో మా చుట్టాల ఇంట్లో డబ్బా మొత్తం బురదయింది. పదకొండు డిస్కుల్లో ఎనిమిది కడిగితే చదివాయి. మిగతా మూడింటికి పై రంగు పొర ఊడి వచ్చింది. అందులో ఒకటి మా తాత చెల్లెలు పాడినది, ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. పెళ్లి తీసిన స్టూడియోకి పోయి అడిగితే, క్యాసెట్టు మీద అప్పుడే ఇంకో పెళ్లి తీసేశామన్నారు. చాలాచోట్ల అట్లాగే చేసేవాళ్లట, క్యాసెట్టు ఖరీదు అప్పట్లో వాళ్లకి భారం. పోలవరం ముంపు కింద ఊరు ఖాళీ చేసి పోతున్న మన బంధువుల సంగతి ఇంకా వేరే. సామాను ట్రాక్టర్ ఎక్కేటప్పుడు ముందు పారేసేది ఇట్లాంటి డబ్బాలనే.

డిస్కు ఎట్లా చెడుతుందో తెలిస్తే జాగ్రత్త వస్తుంది. సీడీలో సమాచారం ఉండేది మెరిసే కింది వైపు అనుకుంటాం. కాదు, పేరు రాసే పై వైపు పొరకి ఆనుకునే ఉంటుంది. కింద గీత పడితే పాలిష్ చేసి కాపాడొచ్చు. పైన బాల్‌పెన్ను గట్టిగా నొక్కి రాసినా, స్టిక్కర్ అంటించి పీకినా అయిపోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ బిళ్లల మధ్య ఉంటుంది, కాస్త నయం. స్టూడియోల్లో రాసిచ్చినవి కంపెనీ అచ్చులు కావు. రంగు పొర మీద లేజర్‌తో కాల్చి రాసినవి. ఎండ, వేడి, తేమ మూడూ ఆ రంగుకి పడవు. మన రేకుల ఇంట్లో మూడూ ఉన్నాయి.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. ఇంగ్లండులో 1086లో రాజు రాయించిన డోమ్స్‌డే పుస్తకం ఇవాళ్టికీ చదవొచ్చు. దానికి 900 ఏళ్లయిన సందర్భంగా 1986లో బీబీసీ జనం చేత ఊరూరి సంగతులు రాయించి లేజర్ డిస్కుల మీద పెట్టింది. పదిహేనేళ్లకే ఆ డిస్కులు చదివే మిషన్లు కరువై, వాటిని బయటికి తీయడానికి పరిశోధకులు కష్టపడాల్సి వచ్చింది. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద, 1932 నాటిది, దాని ప్రింటే దొరకట్లేదు.

ఇక కాపీ సంగతి. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి ఊరికి ఒకటున్నా చాలు. డిస్కుని మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా కాదు. డీవీడీ అయితే ఐఎస్ఓ ఇమేజ్ తీస్తే మొత్తం వస్తుంది. వీసీడీకి ఐఎస్ఓ తీస్తే బొమ్మ రాదు, దానికి బిన్-క్యూ ఇమేజ్ కావాలి. లేదంటే ఎంపెగావ్ అనే ఫోల్డర్లో డ్యాట్ ఫైల్ ఉంటుంది, అది కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడుతుంది. గీతలు పడి మొరాయించే డీవీడీకి డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. చదవగలిగిన ముక్కలు ముందు తీసుకుని, రాని వాటి దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక్కో డిస్కుకి రాత్రంతా పట్టొచ్చు. తీశాక ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి గోదావరికి దూరంగా హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో హాస్టల్లో చదివే తమ్ముడి దగ్గర. యూట్యూబ్‌లో పెట్టాం కదా అని కొందరంటారు. అది బొమ్మను పిండి చిన్నది చేసిన నకలు, ఖాతా పోతే అదీ పోతుంది. పైగా వేల్పుల గుడి లోపలి తంతు ఊరంతా చూడాలా వద్దా అన్నది ఆ ఇంటి పెద్దలు, ఆ గట్టు వాళ్లు చెప్పాలి, మనం కాదు.

స్టూడియో వాళ్ల అనుమతి కావాలా అని ఒక తమ్ముడు అడిగాడు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న వీడియోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. మీ పెళ్లి వీడియో మీదే. సినిమా డిస్కులు వేరే సంగతి, వాటి జోలికి ఇక్కడ పోవట్లేదు.

కాపీ తీసిన రోజే పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. ఫలానా నిమిషంలో పాడుతున్నది ఎవరు, ఏ ఊరు, ఏ గట్టు, ఏ సంవత్సరం, పాట దేనికి సంబంధించింది, ఒక నోటుబుక్కులో రాయండి. మొన్న మా ఇంట్లో అట్లా కూర్చుంటే ఒక్క 74 నిమిషాల డిస్కుకి రెండు పూటలు పట్టింది. ప్రతి మనిషి దగ్గరా మా పెద్దమ్మ ఆపమంది, వాళ్ల కథ చెప్పింది. నలుగురిని ఆమె ఒక్కతే గుర్తుపట్టింది.