ఒత్తిడిలో కాంక్రీటు: ఒక లెక్క చరిత్ర
కాంక్రీటు బలాన్ని ఇంజినీర్లు చాలాకాలం ఒకే అంకెతో చెప్పుకున్నారు. 28 రోజులు నీటిలో నానిన దిమ్మెను నెమ్మదిగా నొక్కితే ఎక్కడ చితుకుతుందో అదే దాని బలం. ఇంటికీ వంతెనకూ ఆ అంకె చాలు. దూసుకొచ్చే గుండును ఆపాల్సిన గోడకు మాత్రం చాలదు.

బరువును వేగంగా మోపితే కాంక్రీటు మరికొంత తట్టుకుంటుందని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ 1917లోనే చూపాడు. 1928లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్ట్ బృందం దిమ్మెల చుట్టూ ద్రవపీడనం పెట్టి పైనుంచి నొక్కింది. పక్కల ఒత్తిడి ఒక పాలు పెరిగితే బలం సుమారు 4.1 పాళ్లు పెరిగింది. చుట్టూ బిగించి ఉంచితే పగుళ్లు విచ్చుకోలేవు. తరవాతి చాలా గణిత నమూనాలకు ఈ ఫలితం పునాది.

రెండో ప్రపంచయుద్ధం నాటి సూత్రాలు గుండు ఎంత లోతుకు దిగుతుందో చెప్పగలిగాయి కానీ, లోపల ఏం జరుగుతుందో చెప్పలేకపోయాయి. అది తెలియడానికి కంప్యూటర్లు రావాల్సి వచ్చింది.

1993లో హోమ్‌క్విస్ట్, జాన్సన్, కుక్ ప్రకటించిన నమూనా ఈ చరిత్రలో పెద్ద మలుపు. పీడనం, నొక్కే వేగం, అప్పటికే జరిగిన నష్టం అనే మూడింటినీ అది ఒకే లెక్కలో కలిపింది. 48 మెగాపాస్కల్ బలమున్న కాంక్రీటును వాళ్లు మూడు దశల్లో చూశారు. సుమారు 16 మెగాపాస్కల్ పీడనం వరకు అది కుదించుకున్నా, పీడనం తీస్తే తిరిగి యథాస్థితికి వస్తుంది. ఆపైన లోపలి గాలి రంధ్రాలు ఒక్కొక్కటే నలిగిపోతాయి. 800 దగ్గర అవన్నీ మూసుకుపోయి, గట్టి రాయిలాంటి ముద్ద మిగులుతుంది. రంధ్రాలు నలగడానికి గుండు శక్తిలో కొంత ఖర్చవుతుంది.

నెమ్మదిగా నొక్కి తెలుసుకునే పాత అంకె ఎంత తక్కువ చెబుతుందో 1992లో హాంచాక్ బృందం చేసిన ప్రయోగాల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 178 మిల్లీమీటర్ల పలకల మీదికి ఉక్కు గుండ్లు పేల్చారు. కాంక్రీటు బలం 48 నుంచి 140 మెగాపాస్కల్‌కు, అంటే దాదాపు మూడింతలకు పెరిగినా, పలకను ఛేదించడానికి కావలసిన వేగం ఐదో వంతు మాత్రమే పెరిగింది.

1999లో జర్మనీలోని ఎర్నెస్ట్ మాఖ్ సంస్థకు చెందిన రీడెల్, హియర్‌మయర్, తోమా, కాంక్రీటు చితికిన తరవాత కూడా మిగిలే బలాన్ని విడిగా లెక్కించే నమూనా తెచ్చారు.

వేగంగా మోపినప్పుడు కనిపించే అదనపు బలం విషయంలో మాత్రం వాదం తెగలేదు. క్షణంలో నొక్కినప్పుడు దిమ్మె మధ్యభాగానికి పక్కలకు జరిగే వ్యవధి ఉండదు. దాని జడత్వమే చుట్టూ బిగింపుగా పనిచేస్తుంది. దిమ్మెను ఉక్కు కడ్డీల మధ్య వేగంగా నలిపి కొలిచిన అదనపు బలంలో ఈ బిగింపు వల్ల వచ్చేది కొంత భాగం. ఆ బలాన్ని మొత్తంగా పదార్థ గుణంగా నమూనాలో రాస్తే, జడత్వాన్ని ఎలాగూ లెక్కించే కంప్యూటరు దాన్ని రెండుసార్లు కలుపుతుంది, గోడ ఉన్నదానికన్నా గట్టిదిగా కనిపిస్తుంది.