పులికాట్ దగ్గర రెండు కౌంట్‌డౌన్లు

పులికాట్ పక్కన కౌంట్‌డౌన్ అనగానే అందరికీ షారే గుర్తొస్తుంది. సరస్సుకి అటుపక్క శ్రీహరికోట. ఇటుపక్క తడ దాటి పడమటికెళ్తే వరదయ్యపాళెం. అక్కడా ఓ కౌంట్‌డౌన్ నడిచింది, ఏళ్ళ తరబడి.

కల్కి భగవాన్‌గా పేరుపడ్డ విజయ్‌కుమార్ ఒకప్పుడు ఎల్.ఐ.సి. గుమాస్తా. తర్వాత కుప్పం దగ్గర జీవాశ్రమ్ అనే బడి, ఆ పైన అవతారం! 2012లో స్వర్ణయుగం వస్తుందని ఆ ఉద్యమం ప్రచారం చేసింది. 2008లో తెల్లటి వన్‌నెస్ టెంపుల్ తెరిచారు. 2012 వచ్చింది, వెళ్ళింది కూడా. 2019 అక్టోబరులో ఆదాయపన్ను వాళ్ళు సోదాలు చేసి 43.9 కోట్ల నగదు, 88 కిలోల బంగారం పట్టుకున్నామన్నారు. ఆ గుడి పేరు ఇప్పుడు ఏకం. (మనం మాడ్యూల్ రీనేమ్ చేస్తాం చూడండి, అలా అన్నమాట.)

డబ్బు సంగతి సరే, నాకు ఎక్కువ బాధనిపించేది ఇంకొకటి. జోస్యం తప్పినప్పుడు ఇలాంటి ఉద్యమాల్లో మామూలుగా వినిపించే జవాబు, "యుగం బయట కాదు, నీ లోపల మారాలి" అని. అంటే రాకపోవడం నీ తప్పే! సర్వర్ పడిపోతే యూజర్ని తిట్టినట్టు. బయటికొచ్చాక కూడా ఏళ్ళ తరబడి మోసే బరువు ఇదే.

ఇప్పుడు అటుపక్క చూడండి. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 బంగాళాఖాతంలో పడింది. సతీష్ ధావన్ ప్రెస్ ముందు బాధ్యత తన నెత్తినేసుకున్నాడు. రెండో దశ కంట్రోల్ సిస్టంలో వాల్వ్ లీకయిందని తేల్చారు. 1980 జూలై 18న రాకెట్ సక్సెస్. చూడ్డానికొచ్చిన జనం సరిగ్గా దణ్ణం పెట్టుకోలేదని ఎవరూ అనలేదు కదా!

అన్నట్టు, జోస్యం తప్పితే భక్తులు ఇంకా గట్టిగా పట్టుకుంటారని ఫెస్టింగర్ బృందం 1956లో పుస్తకం రాసింది. మనవాళ్ళు తెగ కోట్ చేస్తుంటారు. 2025లో థామస్ కెల్లీ పాత కాగితాలు తిరగేసి, ఆ గుంపు నిజానికి త్వరగానే చెదిరిపోయిందని, పరిశోధకులే లోపల వేలు పెట్టారని చూపించాడు. కాబట్టి "వాళ్ళింక మారర్లే" అని మీ ఇంట్లోవాళ్ళని వదిలేయకండి. "ఎలా నమ్మావు?" అని కూడా అడక్కండి, ఆ ప్రశ్న వాళ్ళని వాళ్ళు ఎప్పుడో వేసుకునుంటారు. తేదీ ఎవరు చెప్పారు, రానప్పుడు ఏమన్నారు అని అడగండి. తర్వాత వాళ్ళని మాట్లాడనివ్వండి.